అపసామాన్య ప్రవర్తన: గీత ఎక్కడ గీస్తాం, దేన్ని చూసి గీస్తాం?

మనోవిజ్ఞాన శాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్న మీరు అడిగిన ప్రశ్న ఇది. అపసామాన్య ప్రవర్తనకు పాఠ్యపుస్తకంలో నాలుగైదు నిర్వచనాలు ఇచ్చి, ప్రతి దాని కిందా లోపాలు కూడా రాశారు. అన్నిటిలోనూ లోపాలే ఉంటే, ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు మీలాంటివారు దేన్ని పట్టుకుని నిర్ణయిస్తారు అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ ఒక్కదాన్నీ పట్టుకోము. ఆ నిర్వచనాలు ఒకే ప్రశ్నకు పోటీపడే జవాబులు కావు. ఇది ఎంత అరుదు, ఇది ఎవరికి నచ్చడం లేదు, ఇది ఎవరిని బాధిస్తోంది, లోపల ఏదైనా చెడిపోయిందా అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి వచ్చిన జవాబును తెచ్చి ఇంకొకదానికి అంటగట్టినప్పుడే చిక్కులన్నీ మొదలవుతాయి.

ఈ సంగతి మన మాటల్లోనే కనిపిస్తుంది. తెలుగులో ‘అసామాన్యుడు’ అంటే పొగడ్త, ‘అసాధారణ ప్రతిభ’ అంటే మెచ్చుకోలు. అందుకే పాఠ్యపుస్తకాలు రాసినవారికి ‘అప’ అనే ఉపసర్గ అవసరమైంది. అపకీర్తి, అపశకునం, అపస్వరం అన్న మాటల్లో ఉన్న ‘అప’యే ఇదీను. సామాన్యం కాకపోవడం ఒక్కటే చాలదు, అందులో చెడు కూడా ఉండాలి అని ఆ ఉపసర్గ చెబుతోంది. ఆ చెడు ఏమిటి, ఎవరి లెక్కలో చెడు అన్నదే ఈ శాస్త్రంలో ఇప్పటికీ తెగని వ్యవహారం.

సంఖ్యలతో చెప్పే నిర్వచనం పైకి అన్నిటికన్నా నిష్పాక్షికంగా కనిపిస్తుంది. ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) పరీక్షలను సగటు 100, ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 15 వచ్చేలా తయారుచేస్తారు. రెండు ప్రామాణిక విచలనాలు కిందికి, అంటే 70 కన్నా తక్కువ వచ్చేవారు నూటికి సుమారు ఇద్దరు; 130 దాటేవారు కూడా అంతే మంది. అరుదుదనం రెండు వైపులా సమానమే అయినా 130 దాటిన పిల్లవాణ్ని చికిత్స కోసం ఎవరూ తీసుకురారు. ఇంతవరకు మీ పుస్తకంలోనూ ఉండే ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆ 70 అనే అంకె చరిత్రలో ఉంది. బుద్ధిమాంద్యంపై పనిచేసే అమెరికా వృత్తి సంఘం 1959లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఒక ప్రామాణిక విచలనం కిందికి ఉంటే చాలు, అంటే హద్దు సుమారు 85. 1973లో అదే సంఘం హద్దును రెండు విచలనాలకు, అంటే సుమారు 70కి దించింది. అంకె వరకే చూస్తే, ఆ హద్దు కిందికి వచ్చేవారు నూటికి పదహారు మంది నుంచి ఇద్దరికి తగ్గిపోయారు. ఎవరి బుద్ధీ పెరగలేదు, గీత జరిగిందంతే. ఆ తర్వాత అంకె పట్టు ఇంకా సడలింది. ఇప్పుడు అంకెతో పాటు రోజువారీ జీవితంలో ఆ వ్యక్తి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడో తప్పనిసరిగా చూస్తాం. అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే మానసిక రుగ్మతల జాబితా డీఎస్ఎం; 2013లో వచ్చిన దాని ఐదో కూర్పు, డీఎస్ఎం-5 అయితే తీవ్రతను నిర్ణయించడానికి అంకెను పక్కనబెట్టి ఆ సామర్థ్యాన్నే ప్రమాణంగా తీసుకుంది.

అరుదుదనానికి ఇంకొక వైపు కూడా ఉంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పరిశోధకులు చిన్నతనం నుంచి క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 38 ఏళ్లు వచ్చేసరికి ఒక్కసారి కూడా ఏ మానసిక రుగ్మత ప్రమాణాలకూ సరిపోకుండా నిలిచినవారు నూటికి 17 మందే. అరుదుగా ఉండటమే అపసామాన్యమైతే, ఆ వయసు దాకా మానసికంగా ఆరోగ్యంగా ఉన్నవారే అపసామాన్యులు కావాలి. పిప్పిపన్ను ఎంతమందికి ఉన్నా పిప్పిపన్నే కదా.

సాంఘిక నియమాలను అతిక్రమించడమే అపసామాన్యం అన్న నిర్వచనం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ శాస్త్రం సిగ్గుపడాల్సిన అధ్యాయాలు చాలావరకు ఇక్కడే ఉన్నాయి. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికా వైద్యుడు, బానిసలు యజమానుల దగ్గర నుంచి పారిపోవడం ఒక మానసిక రోగమని, దాని పేరు డ్రాపెటోమేనియా అని ప్రకటించి, దాని నివారణకు కొరడాను కూడా సిఫారసు చేశాడు. ఇది పాతకాలపు అజ్ఞానమని తోసిపుచ్చలేం. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో సోవియట్ యూనియన్‌లో ఆంద్రేయ్ స్నెజ్నెవ్‌స్కీ అనే మనోవైద్యుడు ప్రవేశపెట్టిన ‘మందకొడి స్కిజోఫ్రీనియా’ అన్న వర్గీకరణ ఎంత వదులుగా ఉండేదంటే, ప్రభుత్వాన్ని విమర్శించేవారికి సమాజాన్ని సంస్కరించాలనే భ్రమ ఉందని రాసి ఆసుపత్రుల్లో నిర్బంధించడానికి అది చక్కగా పనికొచ్చింది. దీనిపై విమర్శలు ముదిరి బహిష్కరణ తప్పదన్న స్థితి వచ్చాక, 1983లో సోవియట్ మనోవైద్యుల సంఘం ప్రపంచ మనోవైద్య సంఘం నుంచి తానే తప్పుకుంది.

స్వలింగ సంపర్కం సంగతి మీ పుస్తకంలో ఒక్క వాక్యంలో తేల్చేసి ఉంటారు. 1957లో ఎవెలిన్ హూకర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ముప్పైమంది స్వలింగ సంపర్కులైన పురుషుల, ముప్పైమంది ఇతర పురుషుల మానసిక పరీక్షల ఫలితాలను పేర్లు తీసేసి నిపుణుల ముందు పెడితే, ఏవి ఎవరివో వారు చెప్పలేకపోయారు. అయినా ఆ రోగనామం పోవడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. 1973 డిసెంబరులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ధర్మకర్తలు దాన్ని డీఎస్ఎం జాబితా నుంచి తీసేశారు. అది నచ్చనివారు పట్టుబట్టగా 1974లో సభ్యుల ఓటింగ్ జరిగింది. తీసేయడాన్ని సమర్థిస్తూ 5,854 మంది, వ్యతిరేకిస్తూ 3,810 మంది ఓటు వేశారు. రోగం అవునా కాదా అన్నది ఓట్లతో తేలుతుందా అని ఇప్పటికీ కొందరు ఎగతాళి చేస్తుంటారు. ఆ ఎగతాళి గురి తప్పిందని నా అభిప్రాయం. ఓటు వేసి తీసేయడం శాస్త్రీయం కాదనుకుంటే, ఓటు కూడా లేకుండా దాన్ని జాబితాలో చేర్చిన రోజు జరిగింది మాత్రం శాస్త్రీయమా? ఆనాడు చేర్చిందీ విలువల తీర్పే, కాకపోతే వైద్య పరిభాషలో ఉండటంతో ఎవరూ గుర్తుపట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితా నుంచి దాన్ని తొలగించడానికి 1990 దాకా పట్టింది.

అలాగని సాంఘిక నియమాలను పూర్తిగా వదిలేయగలమా అంటే, లేము. ఒక వ్యక్తి మాటతీరు, నిద్ర, శుభ్రత, నవ్వాల్సిన చోట నవ్వకపోవడం వంటివి ఇంట్లోవాళ్ల కంట పడేది ఒక అంచనాతో పోల్చి చూసినప్పుడే. నేను చేసేదల్లా ఆ కొలబద్దను కొంచెం మార్చడం. ‘ఈయన నలుగురిలా లేడు’ అన్న ఫిర్యాదు నాకు పెద్దగా ఏమీ చెప్పదు. ‘ఈయన ఆరు నెలల కిందట ఉన్నట్టు లేడు’ అంటే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంటాను.

ఇక బాధ. ఆ వ్యక్తి బాధపడుతున్నాడా లేదా అన్నది మానవీయమైన ప్రమాణం, రోజూ అక్కరకొచ్చేది కూడా. అది ఎక్కడ చతికిలబడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. నలభై ఏళ్లు దాటిన ఒకాయనను భార్య తీసుకొచ్చింది. ఆరు రాత్రులుగా ఆయన సరిగా నిద్రపోలేదు. ఒళ్లో నోటుపుస్తకాల కట్ట. ఒకటి తీసి చూపించారు: గీతలను పట్టించుకోకుండా, రాసినదాని మీదే మళ్లీ అడ్డంగా రాసి, కలం నొక్కిన నొక్కుకు కాగితం చాలాచోట్ల చిరిగి ఉంది. పదకొండు వ్యాపారాలకు ప్రణాళికలట. ‘నా జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ లేనండీ, బాధంతా ఈవిడదే’ అన్నారాయన, ఆ మాటలో అబద్ధం లేదు. బాధే ప్రమాణమైతే ఆ గదిలో చికిత్స అవసరమైనది ఆవిడకు. ఉన్మాద దశలో ఉన్నవారికి, ఇతరులను వంచించడం స్వభావంగా మారినవారికి, ప్రమాదకరంగా చిక్కిపోతున్నా అదే బాగుందనుకునే అనొరెక్సియా రోగులకు తమ స్థితి తమకు బాధగా తోచకపోవచ్చు. మరోవైపు అయినవాళ్లు పోయినప్పుడు, అన్యాయానికి గురైనప్పుడు పడే బాధ ఎంత తీవ్రమైనదైనా రోగం కాదు.

పనులు చేసుకోలేకపోవడం అన్న ప్రమాణం దీనికన్నా గట్టిదని చాలామంది అనుకుంటారు. దీన్ని కొలవడానికి సాధనాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ప్రశ్నావళిలో ఆరు జీవనరంగాలకు సంబంధించి 36 ప్రశ్నలు ఉంటాయి. అది తరచుగా వాడతాను, ఉపయోగపడుతుంది. కానీ ఒక ఉద్యోగిని గురించి చెబితే దాని హద్దు మీకే తెలుస్తుంది. ఆఫీసులో ఆమెకు మంచి పేరు, ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లలేదు. ఎలా అంటే, తెల్లవారుజామున మూడున్నరకే లేచేది. తలుపు తాళం, నీళ్ల కుళాయి, గ్యాస్ మీట ఒక వరుసలో చూసుకుంటూ రావాలి. మధ్యలో ఫోన్ మోగినా, ఎవరైనా పలకరించినా మళ్లీ మొదటి నుంచి. ఒక్కోరోజు రెండున్నర గంటలు పట్టేది. ప్రశ్నావళిలో ఆమె ఉద్యోగ నిర్వహణకు ఏ లోపమూ నమోదు కాలేదు, ఎందుకంటే ఆఫీసు పనిలో ఇబ్బంది ఉందా అన్న ప్రశ్నలకు ఆమె లేదనే జవాబిచ్చింది; ఆఫీసుకు వేళకు చేరడానికి ఇంట్లో ఎంత ఖర్చవుతోందో ఆ జవాబుల్లో కనిపించలేదు. దీనికి విరుద్ధంగా, మనిషి పనికి రాకుండా పోవడానికి కారణం పూర్తిగా అతని బయటే ఉండవచ్చు. ఉద్యోగాలే లేని చోట ఉద్యోగం చేయకపోవడం అతని మనసు గురించి ఏమీ చెప్పదు.

ప్రమాదం అన్న ప్రమాణం గురించి ఒక్క మాట చాలు. తనకుగానీ ఇతరులకుగానీ హాని చేసుకునే అవకాశం ఉందా అన్నది ఇప్పటికిప్పుడు ఏం చేయాలో తేల్చుకోవడానికి అవసరం, నిర్వచనానికి పనికిరాదు. మానసిక రుగ్మతలు ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు.

మేరీ యహోడా అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1958లో దారి మార్చి, అపసామాన్యాన్ని కాకుండా ఆదర్శ మానసిక ఆరోగ్యాన్ని నిర్వచించి చూద్దామన్నారు. తన పట్ల సరైన దృక్పథం, ఎదుగుదల, ఒత్తిడిని తట్టుకునే సమగ్రత, స్వయంప్రతిపత్తి, వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూడటం, పరిసరాలపై పట్టు అని ఆరు లక్షణాలు చెప్పారు. ఆలోచన ఉదాత్తమైనదే. ఆ జాబితాతో కొలిస్తే మాత్రం నాతో సహా ఎవరమూ నెగ్గం. పైగా 1988లో టేలర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు, ఆరోగ్యంగా ఉన్నవారు తమ గురించి, తమ భవిష్యత్తు గురించి ఉన్నదానికన్నా కొంచెం మెరుగ్గానే ఊహించుకుంటారని వాదించారు. ఆ వాదనపై చర్చ చాలా జరిగింది గానీ, ‘వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూడటం’ అన్న షరతు పైకి కనిపించినంత తేలిక కాదని అది చూపించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది జెరోమ్ వేక్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు 1992లో చేసిన ప్రతిపాదన. మీ పుస్తకంలో లేకపోతే వెతికి చదవండి. రుగ్మత అనడానికి రెండు షరతులూ నెరవేరాలంటారాయన. మొదటిది, పరిణామక్రమంలో ఒక పనికోసం ఏర్పడిన మానసిక యంత్రాంగం ఆ పని చేయలేకపోవాలి. ఇది వాస్తవానికి సంబంధించిన ప్రశ్న. రెండోది, దానివల్ల ఆ వ్యక్తికి తన సమాజం లెక్కలో హాని కలగాలి. ఇది విలువలకు సంబంధించిన ప్రశ్న. విలువల తీర్పును దాచిపెట్టకుండా దానికో గది కేటాయించడం ఇందులో ఉన్న నిజాయితీ. డ్రాపెటోమేనియా మొదటి షరతు దగ్గరే కూలిపోతుంది: పారిపోయే బానిసలో చెడిపోయిన యంత్రాంగం ఏదీ లేదు. కానీ ఆచరణకు వచ్చేసరికి మొదటి షరతే కాళ్లకు అడ్డం పడుతుంది. గుండె ఏ పనికోసం ఏర్పడిందో మనకు తెలుసు. దిగులు ఏ పనికోసం ఏర్పడిందో అంత ధీమాగా చెప్పలేం. చదవడం, రాయడం మనిషికి వచ్చి ఐదు వేల ఏళ్లే అయింది కాబట్టి వాటికోసం ప్రత్యేక యంత్రాంగం పరిణమించి ఉండే అవకాశం లేదు. మరి పఠనలోపాన్ని నేరుగా ఏ యంత్రాంగపు వైఫల్యం అనాలి?

వృత్తిలో ఉన్నవాళ్లం రోజూ తిరగేసే పుస్తకాలు రెండు. ఒకటి డీఎస్ఎం, రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగాల వర్గీకరణ, ఐసీడీ. డీఎస్ఎం-5 ఇచ్చిన నిర్వచనం పైన చెప్పినవాటిలో చాలావాటిని కలిపి కుట్టిన బొంత లాంటిది. ఆలోచనలోనో, భావోద్వేగాల నియంత్రణలోనో, ప్రవర్తనలోనో వైద్యపరంగా గణనీయమైన అలజడి ఉండాలి. అది లోపలి ప్రక్రియల వైఫల్యాన్ని ప్రతిబింబించాలి. దానికి సాధారణంగా బాధ లేదా అశక్తత తోడై ఉంటుంది. ఆత్మీయుల మరణం వంటి నష్టాలకు సహజమైన స్పందన రుగ్మత కాదని, రాజకీయ, మత, లైంగిక విషయాల్లో సమాజంతో విభేదించడం దానంతట అదే రుగ్మత కాదని కూడా అందులో స్పష్టంగా రాశారు. ఆ చివరి వాక్యం ఎవరి అనుభవాల నుంచి వచ్చిందో మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. ‘గణనీయమైన’ అన్న విశేషణం దగ్గర నిలబడి చూడండి: ఎంత ఉంటే గణనీయం? ఆ పుస్తకం దాన్ని కొలిచి చెప్పదు, ఎదుట కూర్చున్న నిపుణుడి విచక్షణకు వదిలేస్తుంది.

కొలిచి చెప్పిన చోట కూడా ఇబ్బంది తప్పలేదు. తీవ్రమైన డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి. ఆ ఐదులో దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ ఒకటి తప్పనిసరి. లెక్కవేస్తే ఈ షరతును 227 రకాల కలయికలు నెరవేరుస్తాయి. అంటే ఒకే రోగనామం ఉన్న ఇద్దరిలో ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండవచ్చు. నాలుగు లక్షణాలతో అల్లాడుతున్న మూడో మనిషికి ఆ పేరే దక్కకపోవచ్చు. ఇలా గీత గీయడం మా ఒక్కరి తంటా కాదు. రక్తపోటు హద్దును కూడా అమెరికా హృద్రోగ నిపుణులు 2017లో 140/90 నుంచి 130/80కి దించారు. కాకపోతే ఎంత పెరిగితే గుండెపోటు ముప్పు ఎంత పెరుగుతుందో వాళ్లు చూసి హద్దు జరపగలరు. ఐదో లక్షణం దగ్గర అలాంటి మలుపు ఏదీ లేదు.

పరీక్షలో రోజెన్‌హాన్ ప్రయోగాన్ని ఉదహరించే ముందు కొంచెం జాగ్రత్త. ఎనిమిది మంది ఆరోగ్యవంతులు తమకు గొంతులు వినిపిస్తున్నాయని చెప్పి 12 ఆసుపత్రుల్లో చేరారని, ఆ తర్వాత మామూలుగా ప్రవర్తించినా సగటున 19 రోజులు లోపలే ఉంచారని 1973లో ఆయన ప్రకటించారు. 2019లో వెలువడిన ఒక పరిశోధనాత్మక పుస్తకం ఆ వివరాల నిజాయితీపైనే తీవ్రమైన సందేహాలు లేవనెత్తింది. రోగనామం తగిలించాక ఏం చేసినా రోగంలాగే కనిపిస్తుందన్న సంగతి నా అనుభవంలో నిజమే, కానీ దాన్ని ఆ ఒక్క ప్రయోగం భుజాన పెట్టకండి.

ఆఖరుగా, ఈ ప్రశ్నలన్నీ ఒకే మనిషి మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. భర్త పోయిన మూడు నెలలకు అరవై ఏళ్లు దాటిన ఒకావిడను కొడుకు తీసుకొచ్చాడు. సాయంత్రం ఆరు దాటాక పక్క గదిలోంచి ఆయన దగ్గు వినిపిస్తోందట. రెండుసార్లు లేచి వెళ్లి చూసిందట కూడా. ‘అమ్మకు భ్రాంతులు వస్తున్నాయి’ అన్నాడు కొడుకు, ఇంటర్నెట్‌లో చదివిన మాటను జాగ్రత్తగా పలుకుతూ. లేని శబ్దం వినిపించడం జనాభా మొత్తం మీద అరుదైన విషయమే. కానీ 1971లో రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో జీవిత భాగస్వామిని కోల్పోయిన 293 మందిని అడిగితే, సుమారు సగం మంది పోయినవారి ఉనికిని ఏదో ఒక రూపంలో అనుభవించామన్నారు. అంటే ఎవరితో పోల్చాలన్నది తేల్చుకోకుండా అరుదా కాదా అని చెప్పలేం. ‘వినిపించినప్పుడు భయం వేస్తుందా?’ అని అడిగాను. ‘భయమెందుకండీ, నలభై ఏళ్లు విన్న దగ్గే కదా. తర్వాత కాసేపు ఏడుపొస్తుంది’ అంది. నిద్ర, తిండి, మందులు, థైరాయిడ్, జ్ఞాపకశక్తి అన్నీ చూశాను. వంట చేసుకుంటోంది, లెక్కలు చూసుకుంటోంది, చెల్లెలితో రోజూ మాట్లాడుతోంది.

పుస్తకాల వైపు నుంచి చూస్తే ఆవిడ పరిస్థితి ఇలా ఉంది. డీఎస్ఎం నాలుగో కూర్పు కాలంలో, భర్త పోయిన మొదటి రెండు నెలల్లో కనిపించే డిప్రెషన్ లక్షణాలను సాధారణంగా దుఃఖంగానే భావించాలన్న మినహాయింపు ఉండేది. 2013లో ఆ మినహాయింపు తీసేశారు. 2022లో డీఎస్ఎం-5 సవరణ కూర్పు ‘దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత’ను కొత్తగా చేర్చి, పెద్దవారిలో కనీసం పన్నెండు నెలలు గడవాలంది. ఐసీడీ-11 మాత్రం ఆరు నెలలు చాలంటుంది. కాబట్టి ఇదే దుఃఖం తీవ్రమై ఎనిమిదో నెలలోనూ ఆమెను కదలనివ్వకపోతే, ఒక పుస్తకం ప్రకారం అది రుగ్మత కావచ్చు, రెండో పుస్తకం ప్రకారం ఇంకా నాలుగు నెలలు ఆగాలి.

‘ఇది జబ్బో కాదో ఒక్క మాటలో చెప్పండి డాక్టరుగారూ, వీడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు’ అంది ఆవిడ, కొడుకు వైపు చూపిస్తూ. జబ్బు కాదని చెప్పాను. ఆ దగ్గు మాటలుగా మారి ఆమెను తిట్టడం మొదలుపెట్టినా, ఏదైనా చేయమని ఆజ్ఞాపించినా, ఆమె తిండి మానేసినా మరుసటి రోజే తీసుకురమ్మని కొడుకుకు కాగితం మీద రాసిచ్చాను. మూడు నెలల తర్వాత తారీఖు ఒకటి వేసి, ఫైలులో రోగనామం రాసే గడిని ఖాళీగా వదిలేశాను.